అన్‌సీజన్‌లో సముద్రం: నల్గొండ, పాలమూరు నుంచి ఏ నెలలో ఏ తీరానికి వెళ్లాలి?

నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల. మన జిల్లాల్లో ఏ మూల నుంచి చూసినా సముద్రం దూరమే. అందుకే మనకు సముద్ర ప్రయాణమంటే పెద్ద ఏర్పాటు. పిల్లలకు సెలవులు ఉండాలి, చుట్టాలు కలిసిరావాలి, బండి మాట్లాడుకోవాలి. ఇవన్నీ కుదిరేది సంక్రాంతికో, కార్తీకంలోనో, వేసవి సెలవుల్లోనో. అందరికీ అప్పుడే కుదురుతుంది కాబట్టి ఒడ్డున ఇసుక కనపడనంత జనం ఉంటారు. గదికి అడిగినంత ఇచ్చి, అలల మధ్య పిల్లల చెయ్యి వదలకుండా రెండు గంటలు నిలబడి, తిరిగి వచ్చేస్తాం. ఇంత దూరం ప్రయాణం చేసి సముద్రాన్ని అలా చూసి రావడం నాకు చాలా బాధనిపిస్తుంది. సీజన్ కాని రోజుల్లో వెళ్లమని అడిగినవాళ్లందరికీ చెబుతుంటాను. వెంటనే ఎదురుప్రశ్న వస్తుంది: “వానల్లో సముద్రమా?”

ఏ తీరం అన్నదాన్ని బట్టి దీనికి జవాబు మారుతుంది. మనకు అందుబాటులో ఉన్నవి మూడు తీరాలు: కోస్తా ఆంధ్ర, తమిళనాడు, గోవా. మూడింటికీ అన్‌సీజన్ ఒకటి కాదు. గోవాలో అది కచ్చితంగా నెలల లెక్క. బాపట్ల, చీరాల వైపు నెల కన్నా వారంలో రోజే ముఖ్యం. అక్కడ ఆదివారం ఎప్పుడూ సీజనే, మంగళవారం ఎప్పుడూ అన్‌సీజనే. అందువల్ల ఊరి పేరుతో మొదలుపెట్టకండి. ముందు మీకు తీరిక దొరికే నెల చూసుకోండి, తీరం ఆ తర్వాత.

గాలి ఎటు వీస్తే అటు వాన

జూన్ నుంచి సెప్టెంబరు దాకా వీచే నైరుతి గాలి మొదట పడమటి తీరాన్ని తాకుతుంది. సహ్యాద్రి కొండలు ఎక్కేటప్పుడే మబ్బులోని నీళ్లు చాలావరకు అక్కడ కురిసిపోతాయి. కొండలు దాటి పాలమూరు దాకా వచ్చేది మిగిలిన మబ్బే. మన దగ్గర ఏడాది మొత్తం పడే వాన కన్నా గోవాలో జూలై ఒక్క నెలలో పడే వాన ఎక్కువ. అదే నెలల్లో బాపట్ల వైపు పడేవి విడతల వానలు. పొద్దున తెరిపిగా ఉండి సాయంత్రానికి మబ్బు పట్టే రోజులు చాలా ఉంటాయి. ఇంకా దక్షిణాన మహాబలిపురం వైపు పగళ్లు ఎక్కువగా పొడిగానే ఉంటాయి, జల్లు పడితే సాయంత్రమో రాత్రో పడుతుంది. వాళ్ల అసలు వానాకాలం అక్టోబరు మధ్యలో మొదలై డిసెంబరు దాకా సాగుతుంది. అప్పుడు ఈశాన్య గాలి తూర్పు తీరం మీదికి తిరుగుతుంది, గోవా తెరిపిన పడుతుంది.

దీన్ని మన పనుల క్యాలెండర్‌తో కలిపి చూడాలి. సాగర్ ఎడమ కాలువ కింద వరి వేసేవాళ్లకు నాట్లు పూర్తయ్యాక, పత్తి పెట్టినవాళ్లకు తొలి ఏరుడుకు ముందు, సెప్టెంబరులో కాస్త ఊపిరి పీల్చుకునే రోజులు దొరుకుతాయి. ఆ సమయానికి తూర్పు తీరమే సరైనది. ఉద్యోగ విరమణ చేసినవాళ్లకు ఏ నెలైనా ఒకటే కాబట్టి వాళ్లు జనవరి చివరి నుంచి మార్చి మొదటి వారం దాకా, పండుగలు లేని వారం మధ్య రోజులు ఎంచుకుంటే అంతకు మించిన కాలం లేదు. ఎండ ముదరదు, గాలి హాయిగా ఉంటుంది, తుపాన్ల భయం ఉండదు. ఆంధ్ర తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ ఒడ్డుకు వచ్చి గుడ్లు పెట్టే కాలం కూడా అదే. చీకటి పడ్డాక ఒడ్డున టార్చి వేయకండి, వెలుతురుకు అవి బెదిరి గుడ్లు పెట్టకుండానే వెనక్కి వెళ్లిపోతాయి.

మే నెలను నేను ఎవరికీ సూచించను. మన దగ్గర ఎండ మండిపోతోందని సముద్రం వైపు పరుగెత్తుతారు గానీ, బాపట్ల వైపు మే, జూన్ నెలల్లో పడమటి వేడిగాలి బలంగా వీస్తుంది. సముద్రపు చల్లగాలి ఒడ్డెక్కడానికి మధ్యాహ్నం దాటిపోతుంది. అది వచ్చేదాకా ఎండ, వచ్చాక ఉక్కపోత.

నల్గొండ వైపు వాళ్లకు: సూర్యలంక, వాడరేవు, మంగినపూడి, హంసలదీవి

నల్గొండ, మిర్యాలగూడలకు రైలు పెద్ద వరం. నడికుడి మీదుగా గుంటూరు వెళ్లే ఈ మార్గంలో నారాయణాద్రి, చెన్నై ఎక్స్‌ప్రెస్ లాంటి బండ్లు తెనాలి దాటాక బాపట్ల, చీరాల వైపే సాగుతాయి. అయితే సాయంత్రం ఎక్కే బండ్లు అక్కడ రాత్రి పొద్దుపోయాక దించుతాయి. పిల్లలు, పెద్దవాళ్లతో వెళ్తే దిగే వేళ చూసుకుని టికెట్ తీసుకోండి, లేదా ఆ రాత్రికి ఊళ్లోనే గది ముందుగా మాట్లాడుకోండి. కారు ఉంటే నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు పట్టుకుని, వాడపల్లి దగ్గర కృష్ణ దాటి, పిడుగురాళ్ల, నరసరావుపేట మీదుగా దిగిపోవచ్చు.

సూర్యలంక బాపట్లకు 9 కిలోమీటర్లు. దారి పొడవునా సరుగుడు తోటలు, చివర వెడల్పైన ఇసుక. పర్యాటక శాఖ హరిత రిసార్టు ఒడ్డునే ఉంది కాబట్టి తెల్లవారుజామున గది తలుపు తీసి నేరుగా ఇసుకలోకి నడవవచ్చు. తొలిసారి సముద్రం చూసే కుటుంబానికి నేను చెప్పేది ఇదే. వారం మధ్యలో, ఆరు గంటల లోపు ఒడ్డుకు చేరుకోండి. జనం లేని ఒడ్డు మీద చిన్న పీతలు వందల్లో బయటికి వచ్చి తిరుగుతుంటాయి. అడుగు చప్పుడు వినగానే ఎక్కడివక్కడ బొరియల్లోకి మాయమవుతాయి. రెండు నిమిషాలు కదలకుండా కూర్చుంటే మళ్లీ ఒక్కొక్కటే కళ్లు పైకెత్తి తొంగిచూస్తాయి. పిల్లలు దీనికి ఇచ్చేంత శ్రద్ధ ఏ ఆటబొమ్మకూ ఇవ్వరు. ఆదివారం ఇది దొరకదు.

వాడరేవు చీరాల నుంచి ఇంకా దగ్గర. ఇది ముందు మత్స్యకారుల ఊరు, ఆ తర్వాతే పర్యాటకుల చోటు. స్నానానికి సూర్యలంక అంత అనువుగా ఉండదు, శుభ్రతలోనూ కాస్త వెనకే. అయినా నన్ను అడిగితే అన్‌సీజన్‌లో వాడరేవుకే నా ఓటు, ఎందుకంటే ఇక్కడ సముద్రంతో బతికే మనుషులు కనిపిస్తారు. ఈ తీరంలో పొద్దున్నే అలివి వల లాగే పని ఒకసారి దగ్గరగా నిలబడి చూడండి. పడవలో వలను లోపలికి తీసుకెళ్లి అర్ధచంద్రాకారంగా చుట్టి వస్తారు. దాని రెండు కొసల తాళ్లను ఒడ్డున రెండు బారుల్లో మనుషులు పట్టుకుని, నడుం వెనక్కి వాల్చి, అందరూ ఒకేసారి అడుగు వెనక్కి వేస్తూ లాగుతారు. వల దగ్గరపడుతున్నకొద్దీ రెండు బారులూ ఒకదాని వైపు ఒకటి జరుగుతాయి. చివరికి వల సంచి ఒడ్డెక్కినప్పుడు అందులో ఒక్కోరోజు నెత్తళ్లు, కవళ్లు మిలమిలా కొట్టుకుంటాయి, ఒక్కోరోజు గంపెడు కూడా రావు. ఆ పనిచేసేవాళ్లను అడగకుండా ఫోటోలు తీయకండి, తాళ్లకు అడ్డంగా నిలబడకండి. చేపలు కొనాలనుకుంటే వేరుచేయడం పూర్తయ్యేదాకా ఆగి అడగండి.

చీరాల దగ్గరే రామాపురం తీరం ఉంది. ప్రైవేటు రిసార్టులు ఎక్కువ, సౌకర్యం ముఖ్యమనుకునేవాళ్లకు బాగుంటుంది. అంతకు మించి నాకు చెప్పాలనిపించదు.

మంగినపూడి సంగతి వేరు. మన చౌటుప్పల్, చిట్యాల, నకిరేకల్, సూర్యాపేట, కోదాడల గుండా వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి విజయవాడ దాటి ఆగేది మచిలీపట్నంలోనే. అక్కడి నుంచి తీరం పదకొండు కిలోమీటర్లు. రోజూ మనం చూసే రోడ్డు చివర సముద్రం ఉందన్నమాట. అయితే తెల్లటి ఇసుక ఊహించుకుని వెళ్తే నిరాశ తప్పదు. ఇక్కడి నేల నల్లటి ఒండ్రు, నీళ్లు మట్టిరంగులో ఉంటాయి. మంచి విషయమేమిటంటే ఒడ్డు చాలా దూరం వాలు తక్కువగా సాగుతుంది. మోకాలి లోతు కోసం చాలా అడుగులు వేయాలి. చిన్నపిల్లలున్నవాళ్లకు సూర్యలంక కన్నా ఇది నెమ్మది. వాన పడ్డాక మాత్రం ఆ ఒండ్రు జారుడుగా మారుతుంది, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను నీళ్ల దాకా నడిపించవద్దు.

ఇక హంసలదీవి. మన దక్షిణ తెలంగాణ వాళ్లు సెప్టెంబరులో ఒకే ఒక్క చోటికి వెళ్లగలిగితే ఇక్కడికే వెళ్లమంటాను. నారాయణపేట జిల్లా తంగిడి దగ్గర మన నేలలోకి వచ్చిన కృష్ణ, జూరాలను తాకి, సోమశిల, శ్రీశైలం, సాగర్ దాటి, వాడపల్లి దగ్గర మూసీని కలుపుకుని, చివరికి సముద్రంలో కలిసే చోటు ఇది. సాగర్ గేట్లు ఎత్తినప్పుడు డ్యామ్ దగ్గర నిలబడి ఆ నీళ్లను చూసినవాళ్లు మనలో చాలామంది ఉంటారు. అవే నీళ్లు వరద రోజుల్లో ఎర్రగా సముద్రంలోకి చొచ్చుకుపోవడం, ఎరుపూ నీలిరంగూ కలవకుండా కొంతదూరం పక్కపక్కనే సాగడం ఇక్కడ కనిపిస్తుంది. వేసవిలో వెళ్తే నది సన్నగా ఉంటుంది, ఈ దృశ్యం ఉండదు. విజయవాడ నుంచి అవనిగడ్డ, కోడూరు మీదుగా దారి. వేణుగోపాలస్వామి గుడి ఉంది, హోటళ్లు మాత్రం ఉండవు. తిండి, నీళ్లు వెంట తీసుకెళ్లి, బస అవనిగడ్డలోనో మచిలీపట్నంలోనో చూసుకోండి. సంగమంలో దిగడం ప్రమాదం, ఒడ్డు నుంచే చూడండి. మాఘ పౌర్ణమికి ఇక్కడ సముద్ర స్నానానికి జనం విపరీతంగా వస్తారు, ప్రశాంతత కోరేవాళ్లు ఆ రోజు తప్పించండి.

రాత్రి ప్రయాణం వద్దనుకునేవాళ్లకు మరో దారి ఉంది. తిరుపతి వందే భారత్ ఉదయం నల్గొండలో ఎక్కితే మధ్యాహ్నం లోపు ఒంగోలులో దిగవచ్చు. అక్కడికి దగ్గరలో ఉన్న కొత్తపట్నం తీరం వారం మధ్యలో దాదాపు ఖాళీగా ఉంటుంది. సౌకర్యాలు తక్కువ కాబట్టి సాయంత్రం చూసి ఒంగోలుకు తిరిగివచ్చేయడమే మేలు.

విశాఖ గురించి కూడా అడుగుతారు. నల్గొండ నుంచి విశాఖ ఎక్స్‌ప్రెస్, జన్మభూమి ఉన్నాయి. వాన పడినా రోజు వృథా కాకూడదనుకునేవాళ్లకు ఇది నమ్మకమైన ఎంపిక. ఆర్కే బీచ్ ఒడ్డునే ఐఎన్‌ఎస్ కురుసుర జలాంతర్గామి మ్యూజియం ఉంది, శుభ్రమైన తీరాలకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపును 2020లో పొందిన రుషికొండ బీచ్ ఉంది, ఒక రోజు అరకు వెళ్లిరావచ్చు. కానీ ఏకాంతం కోసమైతే విశాఖ వద్దు. నగరం పక్కన సముద్రానికి అన్‌సీజన్ ఉండదు.

పాలమూరు వైపు వాళ్లకు: గోవానా, మహాబలిపురమా?

మహబూబ్‌నగర్, గద్వాల వాళ్లకు రైలు దారి వేరు కాబట్టి ఎంపికా వేరు. సికింద్రాబాద్–వాస్కోడగామా బండి 2024 అక్టోబరులో మొదలైంది. వారానికి రెండు రోజులు మహబూబ్‌నగర్, గద్వాల, కర్నూలు మీదుగా వెళుతుంది. కాచిగూడ నుంచి చెంగల్పట్టు వెళ్లే ఎక్స్‌ప్రెస్ కూడా మహబూబ్‌నగర్, గద్వాల స్టేషన్ల నుంచే సాయంత్రం ఎక్కితే మర్నాడు ఉదయం చెంగల్పట్టులో దించుతుంది. చెంగల్పట్టు నుంచి మహాబలిపురం సుమారు 30 కిలోమీటర్లే.

జూలై, ఆగస్టు నెలల్లో గోవాకు వెళ్లేవాళ్లు ముందు ఒక మాట గట్టిగా అనుకోవాలి: నీళ్లలో దిగం. ఆ నెలల్లో ఒడ్డున ఎర్రజెండాలు ఉంటాయి, పడవ ఆటలు ఆపేస్తారు, ఇసుక మీద వేసే తాటాకు హోటళ్లు మే నెలాఖరుకు మూసేసి మళ్లీ అక్టోబరు ప్రాంతంలోనే తెరుస్తారు. అలలు జెల్లీ చేపలను ఒడ్డుకు విసిరేస్తుంటాయి, చెప్పులు లేకుండా నడవకూడదు. ఇవన్నీ విన్నాక ఎందుకు వెళ్లడం అంటారేమో. పచ్చదనం కోసం వెళ్లాలి. వరిపొలాల పక్కన పాత చర్చీలు, కోట గోడల మీద నాచు, కింద బూడిదరంగు సముద్రం హోరు. కరువు చూసిన నేల నుంచి వెళ్లే మనకు అంత వాన చూడటమే ఒక అనుభవం. గదులు కూడా డిసెంబరు ధరతో పోలిస్తే చాలా చవక. ఇంకో లాభం: కాజిల్ రాక్, కులెం స్టేషన్ల మధ్య రైలు దూద్‌సాగర్ జలపాతం పక్కనుంచే వెళుతుంది. సుమారు 310 మీటర్ల ఆ జలపాతం నిండుగా ఉండేది వానాకాలంలోనే. వెళ్లేటప్పుడు బండి ఈ కొండదారిని చీకట్లో దాటిపోతుంది, తిరుగు బండి పగటిపూట ఎక్కుతుంది. కాబట్టి వచ్చేటప్పుడు కిటికీ పక్క సీటు వదులుకోకండి. పట్టాల మీదికి దిగడాన్ని రైల్వే నిషేధించింది, రైల్లోంచే చూడండి.

మహాబలిపురం అదే నెలల్లో ఇందుకు పూర్తిగా భిన్నం. ఇక్కడా ఈత కొట్టే సముద్రం కాదు, అలలు బలంగా ఉంటాయి. కానీ ఒడ్డునే ఎనిమిదో శతాబ్దపు పల్లవుల తీరాలయం, కొంచెం లోపల పంచ రథాలు, అర్జున తపస్సు శిల్పం ఉన్నాయి. ఇవి 1984 నుంచి ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్నాయి. జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నం ఎండ ఎక్కువే. ఏడు నుంచి పది దాకా శిల్పాలు, నడిమధ్యాహ్నం గదిలో విశ్రాంతి, అయిదు తర్వాత ఒడ్డు అనుకుంటే సరిపోతుంది. అమ్మానాన్నలను తీసుకెళ్లేవాళ్లకు, గుడీ గోపురం లేకపోతే ప్రయాణం ప్రయాణమే కాదనుకునే ఇంటికి ఇదే తగినది. స్నేహితులు కలిసి, తడవడానికి సిద్ధపడి వెళ్లేట్టయితే గోవా. అక్టోబరు రెండో సగం వచ్చిందంటే ఈ లెక్క తలకిందులు చేసుకోవాలి.

చేపల కోసం వెళ్లేవాళ్లు వేట నిషేధం తేదీలు గుర్తుపెట్టుకోవాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 దాకా మరపడవలు వేటకు వెళ్లవు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఆ నిషేధం అవసరమే. ఆ రోజుల్లో చిన్న పడవల వాళ్లు తెచ్చేది కొద్దిగా దొరుకుతుంది, చెరువు రొయ్యలు ఎప్పుడూ ఉంటాయి. మంచి సముద్రపు చేప తినాలంటే తూర్పున ఆగస్టు, సెప్టెంబరు బాగుంటాయి.

బావి ఈత వచ్చినవాళ్లు తప్పక చదవాల్సింది

మన ఊళ్లలో బావిలో దూకి ఈత నేర్చుకున్నవాళ్లు ఎక్కువ. ఆ ధైర్యమే సముద్రం దగ్గర ముప్పు తెస్తుంది. బావి నీళ్లు కదలవు, గట్టు ఎప్పుడూ నాలుగు బారల దూరంలోనే ఉంటుంది. సముద్రంలో అలలు ఒడ్డుకు తోసిన నీళ్లన్నీ తిరిగి లోపలికి వెళ్లాలి. అవి ఇసుక దిబ్బల మధ్య ఎక్కడో ఒకచోట సన్నని దారి చేసుకుని వేగంగా వెనక్కి పారతాయి. అటూ ఇటూ అలలు విరిగి నురగ కడుతుంటే, మధ్యలో ఆ ఒక్కచోట అల విరగదు, నీళ్లు కాస్త ముదురు రంగులో నిదానంగా కనిపిస్తాయి. కొత్తవాళ్లు ఇదే మంచి చోటని దిగుతారు. కాళ్ల కింద ఇసుక జారిపోతుంది, చూస్తుండగానే లోపలికి లాగేస్తుంది.

అలా చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదవద్దు. ఎంత గజ ఈతగాడైనా నిమిషాల్లో అలిసిపోతాడు. ఆ పాయ వెడల్పు తక్కువే, కాబట్టి ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది దానిలోంచి బయటపడి, ఆ తర్వాత అలలతో పాటు ఒడ్డుకు రావాలి. ఈదే ఓపిక లేకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. మునుగుతున్నవాళ్లను పట్టుకోవడానికి వరసగా దూకవద్దు, తాడో ఖాళీ డబ్బానో విసరండి. బాపట్ల జిల్లా తీరంలో ఇలా ప్రాణాలు పోయాక అధికారులు కొన్నాళ్లు ఒడ్డును మూసివేసిన సందర్భాలూ ఉన్నాయి. అన్‌సీజన్‌లో ఈ భయం మరింత ఎక్కువ, ఎందుకంటే కేక వేస్తే వినడానికి మనుషులే తక్కువ. పౌర్ణమి, అమావాస్యలకు పోటు పెరుగుతుందని కూడా గుర్తుంచుకోండి. జానెడు లోతులో కూర్చుని అలలు మీద పడనివ్వడంలో ఉన్న ఆనందం తక్కువేమీ కాదు.

అక్టోబరు, నవంబరు, డిసెంబరు

ఈ మూడు నెలల్లో తూర్పు తీరం ఖాళీగా, చవకగా కనిపిస్తుంది, కార్తీకం ఆదివారాలు తప్ప. కానీ ఇది తుపాన్ల కాలం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన, 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను ఈ నెలల్లోనివే. అందుకే దసరా సెలవుల్లో వెళ్లాలంటే నా సలహా పడమటి వైపే. తూర్పుకే వెళ్లాలనుకుంటే, డబ్బు వాపసు వచ్చే గది మాత్రమే తీసుకోండి, బయలుదేరే ముందు పత్రికల్లో వచ్చే ఓడరేవుల ప్రమాద హెచ్చరిక సంఖ్య చూడండి. ఒకటి, రెండు అంటే వాయుగుండమో తుపానో దూరంగా సముద్రంలో ఉందని. మూడు నుంచి ఆ రేవుకే ముప్పు మొదలైనట్టు. ఎనిమిది నుంచి పది దాకా అతి తీవ్ర ప్రమాదం. మూడు కనపడితే ప్రయాణం మానుకోండి, టికెట్ డబ్బులు పోయినా సరే.

అలా మానుకున్న రోజున పిల్లలు చిన్నబుచ్చుకుంటే, వాన తెరిపివ్వగానే సోమశిలకు తీసుకెళ్లండి. కొల్లాపూర్ నుంచి పది కిలోమీటర్లు. శ్రీశైలం జలాశయం నిండి ఉన్నప్పుడు అక్కడి కృష్ణ వెడల్పు చూస్తే అవతలి నల్లమల కొండలే సన్నటి గీతలా కనిపిస్తాయి. శ్రీశైలం లాంచీ నీటిమట్టం బాగున్నప్పుడే నడుస్తుంది కాబట్టి, ఎక్కాలనుకుంటే ముందు రోజే ఫోను చేసి కనుక్కోండి.